ఆయీ అంటే పిన్ని

దేవకుమారి క్యాబేజీ తరుగుతోంది. వెడల్పాటి చైనా కత్తి చెక్క మొద్దు మీద టకటకా పడుతుంటే, తెల్లటి సన్నని తరుగు మొద్దు అంచుదాకా జరిగి గిన్నెలోకి జారుతోంది. ఉప్పు చల్లి, కాసేపాగి, రెండు చేతులతో ఒడిసిపట్టి నీళ్ళు పిండింది. మాస్కు తడిసి ముక్కుకి అతుక్కుంటే మోచేతితో సర్దుకుంది. చేతులా, అవి ఎప్పుడో ఆడదాని చేతుల్లా ఉండటం మానేశాయి. నూనె చిట్లిన మచ్చలు మణికట్టు దాకా ఉన్నాయి.

ఐర్లండులోని ఈ నేస్ ఊరంతా కరోనా లాక్‌డౌన్‌లో తలుపులు మూసుకుని కూర్చుంది. మంగలి షాపు లేదు, బట్టల షాపు లేదు, పబ్బు లేదు. ఈ చైనా టేకవే ఒక్కటే కిటికీకి ప్లాస్టిక్ అద్దం బిగించుకుని, పొట్లాలు అందిస్తూ బతికి బట్టకట్టింది. ఇవాళ మాత్రం మధ్యాహ్నానికే కట్టేస్తారు. చైనావాళ్ళకి సంవత్సరం మారే రోజు. అక్కడ అర్ధరాత్రి అయ్యేటప్పటికి ఇక్కడ సాయంత్రం నాలుగు. ఇన్నేళ్ళూ ఈ పండగ భోజనం దేవకుమారి వంటగదిలోనే, స్టూలు మీద కూర్చుని తినేది. ఈసారి యజమానురాలు లిన్, "పైకి, మా ఇంట్లోకి రావాలి. మాతో బల్ల దగ్గర కూర్చుని తినాలి" అంది. ఆ మాట అన్నప్పటినుంచీ దేవకుమారికి కాళ్ళు నేల మీద లేవు. పొద్దున్నే తలస్నానం చేసి, బీరువా అడుగునున్న గచ్చకాయ రంగు చీర కట్టుకుని, పైన ఏప్రన్ తగిలించుకుంది.

పిండి ముద్ద తడిగుడ్డ కింద పెట్టేసరికి ఫోను మోగింది. అదే ఊళ్ళో డాక్టరైన తన కూతురి దగ్గరుంటున్న శ్యామలాదేవి గారు.

"ఏం చేస్తున్నావ్ దేవకుమారీ?"

"పండగండీ ఇక్కడ. కజ్జికాయలు చేస్తన్నా."

"కజ్జికాయలా! లోపల కొబ్బరేనా?"

"పందిమాంసమండీ."

"శివశివా! నా ఫోను కూడా మైలపడింది కదే!"

ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. నవ్వయ్యాక ఆవిడ ఊరుకుంటుందా! "ఒంటిగా ఉండేవాళ్ళు ఏదో ఒక్క ఇంటితోనే కలవాలని గవర్నమెంటు రూలు పెట్టింది. బబులో గిబులో అంటారే, దానికి మా ఇంటికి రమ్మంటే, నాకు చైనా ఇల్లు ఉందండీ అన్నావు. నిన్నెంత నెత్తిన పెట్టుకుంటారో చూస్తాగా."

"వాళ్ళకి నేను పిన్నినండీ" అంది దేవకుమారి, ఎంతో సులువుగా.

ఆ మాట మొదట్లో అంత సులువుగా రాలేదు. భర్త తోమా పోయాక, ఆయన వంటవాడిగా పనిచేసిన ఊళ్ళోనే పని వెతుక్కుంటూ ఈ వంటగదిలో అడుగుపెట్టిన రోజున, లిన్ మే అనే తన రెండేళ్ళ కూతుర్ని చంకనెత్తుకుని వచ్చి, "ఆయీ అని పిలువు" అని నేర్పించింది. దేవకుమారి చేతిలో కత్తి ఠక్కున ఆగిపోయింది. వాళ్ళమ్మ మార్తా తెనాలిలో ఒక ఆసుపత్రిలో ఆయా. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఎవరూ పిలవక పెట్టినట్టే ఉండిపోయింది. ఆయా ఇటురా, ఆయా ఇది తుడు, ఆయా ఆ గిన్నె తియ్యి. చివరికి పెట్టెలో పడుకోబెట్టిన రోజు కూడా నర్సులు "పాపం, ఆయా పోయింది" అన్నారేగానీ, మార్తా అన్నవాళ్ళు లేరు.

"ఆయా కాదు. నేను వంట చేయటానికి వచ్చా" అంది దేవకుమారి, వచ్చీరాని ఇంగ్లీషులో.

లిన్ ఒకటే నవ్వు. తర్వాత మెల్లగా విడమరిచి చెప్పింది. ఆయీ అంటే అమ్మ చెల్లెలు. వాళ్ళ దేశంలో ఇంటికి ఒక్క బిడ్డే అని రూలు పెట్టారు. లిన్‌కీ తోబుట్టువులు లేరు, ఆమె మొగుడు గావ్‌కీ లేరు. ఇక వాళ్ళ పిల్లలకి పిన్ని ఎక్కడినుంచి వస్తుంది? "మాట ఉంది, మనిషి లేదు. నువ్వు వచ్చి కూర్చో" అంది.

కూర్చుంది మరి. మేకి జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది, జడలు వేసింది. కిందటేడు షెన్‌యాంగ్‌లో లిన్ తల్లి పోతే విమానాల్లేక, అంత్యక్రియలు ఫోనులో చూస్తూ లిన్ ఈ వంటగది నేల మీదే కూలబడింది. ఆ తల తన ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చుని, గంజి తాగించింది దేవకుమారే. పిన్ని చేసే పనులు ఇంకేముంటాయి?

కొట్టు కట్టేశాక డబ్లిన్ నుంచి ఒక చైనా పెద్దమనిషి వచ్చాడు. మూతికి నల్ల మాస్కు, చేతిలో కొలతల టేపు. పొయ్యి పైన పొగగొట్టం చూశాడు, ఫ్రిజ్ తలుపు తెరిచి రబ్బరు అంచు వేలితో నొక్కి చూశాడు. లిన్ వెనకే తిరుగుతూ వాళ్ళ భాషలో చెబుతోంది. మధ్యలో ఆయీ అన్న మాట వినపడి దేవకుమారి మొహం చాటంత చేసుకుని నవ్వింది. ఆయన ఆమెను పైనుంచి కిందికి చూసి, ఫ్రిజ్ బాగుందన్నట్టే తలూపాడు.

ఆయన వెళ్ళాక మే మెట్లు దిగి వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. నోరు తెరిస్తే ఈ ఊరి పిల్లే.

"ఎవరమ్మా ఆయన? అమ్మ నా గురించి ఏం చెప్పింది?" అనడిగింది దేవకుమారి.

"యూ కమ్ విత్ ద షాప్" అంది మే, పిండి ముక్క నులుముతూ. "డోంట్ వరీ, యూ'ల్ బి గ్రాండ్."

కొట్టు అమ్మేశారట. పండగెళ్ళాక అందరూ చైనాలో తాతయ్య దగ్గరికి వెళ్ళిపోతున్నారట. అప్పటిదాకా ఆయీకి చెప్పొద్దని మామ్ అందట. అన్నీ ఇంగ్లీషులో గడగడా చెప్పేసింది.

"పిన్ని కొట్టుతోపాటు ఎట్లా వస్తదే?"

"నాట్ దట్ ఆయీ." ఆ పిల్ల కష్టపడి వివరించింది. తాతయ్య ఇంట్లో గిన్నెలు తోమడానికి ఒకామె వస్తుంది, ఆమె కూడా ఆయీయే. అక్కడ అందరి ఇళ్ళల్లోనూ వస్తారు. "ఇట్స్ ద సేమ్ వర్డ్. ఇట్స్ బోత్."

దేవకుమారి నీళ్ళు మరుగుతున్న గిన్నెలోకి జ్యావ్‌జీలు, తను కజ్జికాయలన్నవి, ఒక్కొక్కటే జారవిడిచింది. మునిగాయి. పైకి తేలేదాకా చూస్తూ నిలబడింది. ఈలోపు లిన్ వచ్చింది. ఎర్ర స్వెటరు, పెదాలకి రంగు.

"ఆయీ, పైకి రా. మా నాన్న ఫోనులో మనకోసం చూస్తున్నాడు."

"ఎప్పుడు పోతన్నారు?"

లిన్ కూతురి వంక చూసింది. మే తల దించుకుంది.

"నీకు బాధని చెప్పలేదు. నాన్న ఒక్కడే అయిపోయాడు, నేను తప్ప ఎవరున్నారు? నిన్ను పనిలోంచి తీసెయ్యకూడదని కొట్టు కొన్నాయన దగ్గర మాట తీసుకున్నాను. ఎంత బతిమాలానో తెలుసా?"

"పోవద్దంటానా అమ్మా? నాకు చెప్పుంటే నీ పెట్టె నేనే సర్దేదాన్నిగా! సామాన్ల గురించి చెప్పినట్టు, నా గురించి ఆయనకి చెప్పావు. నాకు చెప్పలేదు."

"నీ మంచికే ఆయీ..."

"ఏ ఆయీ?"

పైనుంచి ముసలాయన గొంతు, ఫోనులో టపాకాయల మోత. గావ్ పిలుస్తున్నాడు. లిన్ రెండు మెట్లెక్కి, ఆగి, మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయింది.

జ్యావ్‌జీలు తేలాయి. దేవకుమారి చిల్లుల గరిటెతో తీసి, పళ్ళెంలో ఒకదానికొకటి అంటుకోకుండా పేర్చింది. పక్కన వెనిగర్ గిన్నె పెట్టింది.

"వేడి. రెండు చేతుల్తో పట్టుకో" అని మేకి అందించింది.

"ఆర్ యూ నాట్ కమింగ్?"

"పో తల్లీ. చల్లారిపోతాయి."

పిల్ల వెళ్ళాక పొయ్యి ఆపింది. మొద్దు కడిగి నిలబెట్టింది. ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి, చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. ఎవరూ చూడలేదు ఆ చీరని. శ్యామలాదేవి గారికి ఫోను చేద్దామా అనిపించింది. ఏ మొహం పెట్టుకుని చెయ్యటం? కోటు వేసుకుని వెనక తలుపు వైపు నడిచింది.

తలుపు పక్కనే మెట్లు. కింది మెట్టు మీద ఎర్రటి కొత్త చెప్పులు, పైకెళ్ళేవాళ్ళు ఇంట్లో తొడుక్కునేవి, మెత్తటివి, సరిగ్గా ఆమె కాళ్ళ కొలతవి. లిన్ ఎప్పుడు పెట్టిందో. దేవకుమారి కాసేపు వాటి ముందు నిలబడింది. తర్వాత తన పాత బూట్లతోనే బయటికి నడిచి, చప్పుడవకుండా తలుపు లాగేసింది.

ముందు భాగాలు పై మెట్టు వైపు తిరిగి, ఎక్కబోతున్నట్టే ఉన్నాయి ఆ చెప్పులు. రెంటినీ కలిపి కట్టిన ప్లాస్టిక్ దారం ఇంకా ఎవరూ తెంచలేదు.