పన్నెండు కాపీల అత్తగారు

“నువ్వు బయల్దేరమ్మాయ్, ఈ బీన్స్ నేను తరుగుతాలే. ఆలస్యమైతే మళ్ళీ ఆ మేడమ్ చేత మాటలు పడాలి” అంటూ అత్తగారు ఆమె చేతిలోంచి కత్తి లాక్కుంది.

మరో రోజైతే ఆ మాటకి ఆమె పొంగిపోయేదే. ఆ రోజు మాత్రం తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా బ్యాగు తగిలించుకుని మెట్లు దిగింది. ఎందుకంటే ఆ బ్యాగులో ఉన్నది అత్తగారే. నాలుగు పేజీల అత్తగారు, పన్నెండు కాపీలు, పిన్నులు కొట్టి మరీ.

పెళ్ళితో సగంలో ఆగిపోయిన డిగ్రీని ముప్ఫై ఎనిమిదో ఏట మళ్ళీ మొదలుపెట్టింది ఆమె. ఈసారి ఎవర్నీ అడక్కుండా ఫారం నింపేసి, చేరాక చెప్పింది. ఇప్పుడు చదువుతున్న వ్యాసరచన పేపరుకి పరీక్ష లేదు. సగం మార్కులు రాసినదానికి, సగం క్లాసులో మాట్లాడినదానికి. రాయడం ఎలాగో గట్టెక్కుతోంది గానీ, మాట్లాడే దగ్గర సెమిస్టరు మొదలైన దగ్గర్నుంచీ సున్నాలే. తన సగం వయసు పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని గలగలా వాదించుకుంటుంటే, ఆమె ఇంట్లోలాగే ఊకొడుతూ కూర్చునేది.

వారానికొకరి వ్యాసం అందరూ చదివి చర్చించాలి. ఆ గంటసేపూ రాసినవాళ్ళు మాత్రం నోరు విప్పకూడదు. ఆ నియమం విని పిల్లలంతా గింజుకున్నారు. ఆమెకి నవ్వొచ్చింది. ఆ విద్యలో ఆమెకి పద్దెనిమిదేళ్ళ అనుభవం.

ఆ వారం వంతు ఆమెది. కొత్తకోడలి చదువు మాన్పించిన అత్తగారి గురించి రాసింది. కాపీలు చదవడమే ఆలస్యం, పిల్లలు ఆ అత్తగారి మీద విరుచుకుపడ్డారు.

“ఈవిడ పక్కా విలన్!”

“ఇలాంటి అత్త దొరికేట్టయితే అసలు పెళ్ళే వద్దే బాబూ.”

“ఆంటీ ఎలా భరించారో!”

ఒక్కో మాటకి ఆమె కళ్ళముందు బీన్స్ ఈనెలు తీస్తున్న ముడతల వేళ్ళు కదిలాయి. క్లాసున్న రోజుల్లో వంటంతా ఆవిడే చేస్తోందన్న ముక్క వ్యాసంలో లేదు. నిజానికి మూడో పేజీలో రాసింది, మళ్ళీ తనే కొట్టేసింది. అది ఉంటే వ్యాసం చప్పబడిపోతోంది మరి. రుచి కోసం మనిషిని మార్చి వడ్డించానే అనుకుంటూ ఆమె తన కాపీని బోర్లించింది.

అప్పుడు బల్ల చివర, పెన్ను మూత కొరుకుతూ కూర్చున్న పిల్ల అంది: “నాకో డౌటు. ఇందులో ఆంటీవాళ్ళాయన ఎక్కడున్నారు? రెండో పేజీలో ‘అమ్మ వద్దంటోంది’ అని చెప్పేసి మాయమైపోయారు. ఆ ‘వద్దు’ అత్తగారి నోటి నుంచి ఆంటీ విన్నారా?”

మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూసింది. “ఈ ఒక్క ప్రశ్నకీ నియమం పక్కన పెడదాం. చెప్పండి.”

ఆమె జ్ఞాపకాల్లో ఎంత వెతికినా ఆ మాట అత్తగారి గొంతులో వినపడలేదు.

“లేదు” అంది. ఆ క్లాసులో ఆమె పలికిన మొదటి మాట అదే.

“అయితే ఇది సగమే. సోమవారానికి తిరగరాసుకురండి. మీరు గట్టెక్కేదీ లేనిదీ దాన్నిబట్టే ఉంటుంది.”

అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటారు. తనేమో మొగుడి మీద కోపం అత్త మీద చూపించింది. దుత్తయితే పగిలి ఊరుకునేది. ఈవిడేమో, ఆమె ఇంటికి రాగానే తలుపు తీసి “అన్నం తిన్నావా?” అని అడిగింది.

“అత్తయ్యా, అప్పట్లో నా చదువు ఎందుకు వద్దన్నారు?”

“నన్నెవరడిగారే? నీ కూరలో ఉప్పెక్కువన్నాను, నీకు నిద్రెక్కువన్నాను. అవి నావే, కాదనను. చదువు మాట నా దాకా వస్తే కదా! ‘తనకే ఇష్టం లేదటమ్మా, మానేస్తుందట’ అన్నాడు మీ ఆయన. అదేం పిల్లరా, చదివేదేదో పూర్తి చెయ్యొచ్చుగా అనుకున్నాను కూడా.”

పద్దెనిమిదేళ్ళు ఇద్దరూ ఒకే పొయ్యి ముందు నిలబడ్డారు. ఒకర్నొకరు ఆ ఒక్క ప్రశ్నా అడగలేదు. ఆమె సిగ్గుతో ఆవిడ మొహంలోకి చూడలేక, తిన్న కంచం రెండుసార్లు కడిగింది.

ఆదివారం ఉదయం బల్ల ముందు తెల్లకాగితం పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా భర్త టీ తాగుతున్నాడు. చెడ్డవాడేం కాదు. ఏనాడూ గొంతు పెంచలేదు, ఆమె జ్వరంతో పడుకుంటే మందు బిళ్ళ తెచ్చిచ్చాడు. అవన్నీ ఇప్పుడే, వరసబెట్టి గుర్తొచ్చి పెన్ను కదలనివ్వడం లేదు.

“మళ్ళీ రాతలేనా? ఈసారి ఎవరి మీద?”

“మీ మీదేనండీ.”

అతను హాయిగా నవ్వాడు. “నా మీద రాయడానికేముందోయ్? ఇన్నేళ్ళలో నేను నిన్ను ఒక్క మాటన్నానా?”

ఆ మొహంలో కల్మషం లేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు. ఆమెకి జాలేసింది, తనే తప్పు చేస్తున్నట్టనిపించింది. అయినా పెన్ను కింద పెట్టకుండా, అతని మాటల్ని ఒక్క అక్షరం మార్చకుండా మొదటి వాక్యంగా రాసుకుంది:

“ఇన్నేళ్ళలో నేను నిన్ను ఒక్క మాటన్నానా?”