ఎర్ర చార టోపీ

ఆదివారం పొద్దున కళ్ళజోళ్ళాయన్ని ఇంట్లో ఎవరూ ఏ పనీ అడగరు. అడిగినా ఆయన చెవికెక్కదు. వారమంతా షాపులో కూర్చుని "ఇప్పుడు చదవండి, కింది వరస, ఈ అద్దం బాగుందా, ఈ అద్దమా?" అంటూ ఊళ్ళోవాళ్ళ కళ్ళు పరీక్ష చేసే మనిషి, ఆ ఒక్క పూట ఫ్లాస్కులో కాఫీ పోయించుకుని, మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన ప్యాంటు వేసుకుని ఊరి చివర మైదానానికి వెళ్ళిపోతాడు. "ఏడు రోజులూ నేనే చూసుకోవాలంటే నా వల్ల కాదు, ఒక రోజు గాలికి వదిలేశాను" అంటుంది ఆయన భార్య.

మైదానం పక్కన రేకుల షెడ్డు. అందులో ఆయన బుల్లి విమానం. విమానం అంటే పెద్ద మాట. కొన్ని అల్యూమినియం గొట్టాలు, వాటి మీద బిగించిన గుడ్డ రెక్కలు, వెనక ఓ చిన్న ఇంజను, పక్కపక్కనే రెండు సీట్లు, అంతే. తలుపులు కూడా లేవు. మొదటిసారి చూసినవాళ్ళు "ఇది ఎగురుతుందా?" అని అడుగుతారు. "దీనికి ఇంకో పని చేతకాదు" అంటాడాయన.

ఎగిరే ముందు ఆయనకో తతంగం ఉంది. ప్రతి బోల్టునీ వేలితో తాకుతాడు. ప్రతి తీగనీ లాగి చూస్తాడు. కాస్త పెట్రోలు గాజు సీసాలోకి వంపి, నీళ్ళు కలిశాయేమోనని ఎండకెత్తి పట్టుకుంటాడు. షెడ్డు చూసుకునే మెకానిక్కమ్మ వెనకాలే తిరుగుతూ ఇవన్నీ మళ్ళీ ఒకసారి చూస్తుంది. పైన ఏదైనా తేడా వస్తే రోడ్డు పక్కన ఆపుకునే వీలు లేదు కదా.

అయిదువందల అడుగులు దాటాక ఆయన విమానంలోంచి కిందికి చూస్తే కనిపించేది ఇప్పటి ఊరు కాదు, యాభై నాలుగేళ్ళ కిందటి ఊరు. పైన ఆదివారమైతే కింద కూడా ఆదివారమే, కానీ అప్పటిది. అయిదువందల కిందికి దిగితే మళ్ళీ ఇప్పటి మేడలు, ఇప్పటి ట్రాఫిక్కు. మిగతావాళ్ళ విమానాల్లోంచి ఇలా కనపడదు. "ఒక్కో బండిది ఒక్కో తీరు" అని మెకానిక్కమ్మ ఏనాడో తేల్చేసింది. ఊళ్ళోవాళ్ళకి కూడా అది అలవాటైపోయింది. వీధి చివర అన్నదమ్ములిద్దరు ప్రహరీ గోడ దగ్గర తగువు పడి, అసలు గోడ ఎక్కడుండేదో చూసి రమ్మని ఈయన్నే పంపించారు. చూసొచ్చి, అక్కడ గోడే ఉండేది కాదని చెప్పాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఈయనతో మాట్లాడటం మానేశారు.

మొదటి ఏడాది ఓసారి ప్రాణం మీదికి వచ్చింది. కింద పచ్చగా, విశాలంగా, పిల్లలు బంతాట ఆడుకునే పాత మైదానం కనిపించింది. ఎంచక్కా ఇక్కడ దిగొచ్చు కదా అని ముచ్చటపడి కిందికి వచ్చాడు. అయిదువందలు దాటగానే ఆ పచ్చిక అంతా గోడౌన్ల రేకులైపోయింది. చచ్చీ చెడీ పైకి లేపుకున్నాడు. అప్పటినుంచి పైనుంచి కనిపించే నేలని కళ్ళారా చూడటమే కానీ నమ్మడం లేదు.

ఇంతకీ ఆయన ప్రతి ఆదివారం వెళ్ళేది వాళ్ళ అమ్మని చూడటానికి. వాళ్ళ పాత ఇల్లు ఉన్నచోట ఇప్పుడు కార్లు ఆపుకునే స్థలం ఉంది. పైనుంచి మాత్రం ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. ఆదివారం పొద్దున మేడ మీద అమ్మ బట్టలు ఆరేస్తూ ఉంటుంది. ఆమె కాళ్ళ చుట్టూ ఓ అయిదారేళ్ళ వాడు తిరుగుతూ ఉంటాడు. తన బుర్ర అంత పెద్దదని ఆయనకు పైనుంచి చూశాకే తెలిసింది. అమ్మది మాత్రం పాపిడి, జుట్టు ముడి తప్ప ఇంకేం కనపడదు. అప్పటికి పుట్టని ఇంజను అప్పటివాళ్ళకి వినపడదు కాబట్టి ఆమె ఏనాడూ తలెత్తలేదు. కొత్తలో గొంతు చించుకుని పిలిచాడు. ఇంజను మోతలో ఆ పిలుపు ఆయన చెవులకే వినపడలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెల్లెలు అడిగేది. షాపులో కౌంటరు చూసుకునేదీ, ఫ్రేములు వంచి ముక్కులకి సరిపెట్టేదీ ఆవిడే. షాపు పైన ఇంట్లో అందరూ కలిసే ఉంటారు.

"ఇవాళేం ఆరేసింది అన్నయ్యా?"

"దుప్పట్లు. నీలం అంచుది ఎగిరి పక్కింట్లో పడింది. నన్ను తెమ్మని పంపించింది."

"తెచ్చావా?"

"లేదు. అక్కడ పిల్లలతో ఆడుకుంటూ కూర్చున్నాను."

"అప్పటినుంచీ అంతేనన్నమాట" అంది వదిన.

చెల్లెలు నవ్వేది. అమ్మ గురించి ఆవిడకి తెలిసింది ఆ ఆదివారం కబుర్లే. అమ్మ ఈమెని కన్న పూటే పోయింది. ఉన్న ఒక్క ఫొటో ఇల్లు మారేటప్పుడు ఎక్కడో జారిపోయింది. ఈమెకి మిగిలింది అమ్మ అల్లిన ఊలు టోపీ ఒకటి. తెల్లది. నుదుటి మీంచి మెడ దాకా ఎర్ర చార, చెవులు మూసేలా రెండు రెక్కలు. మండుటెండల్లో పుట్టబోయే పిల్లకి చెవులు మూసే టోపీ ఎందుకే అని అందరూ నవ్వితే, "దానికి ఇదే నప్పుతుంది" అందట అమ్మ. అంతకుమించి చెప్పలేదట. చెల్లెలి పుట్టినరోజు ఇంట్లో ఎప్పుడూ చేసుకోలేదు. ఆ రోజుని ఏమని పిలవాలో ఎవరికీ తెలియలేదు.

ఆ ఎండాకాలం మొదట్లో ఓ ఆదివారం ఆయన దిగొచ్చి, కలిపిన అన్నమే మళ్ళీ మళ్ళీ కలిపాడు.

"ఒక చేత్తో నడుం పట్టుకుని ఆరేస్తోంది. మధ్యలో రెండుసార్లు కూర్చుంది" అన్నాడు చివరికి.

చెల్లెలికి అర్థమైంది. లెక్కపెట్టుకోవడం ఆవిడకి కొత్త కాదు.

"ఇంక నెలన్నర. తర్వాత నేనెన్ని వందల సార్లు ఎగిరినా ఆ మేడ మీద ఉండదు" అన్నాడు. "ఒక్కసారి రా. పక్క సీటు ఖాళీగానే ఉంది."

"బల్బు మార్చడానికి స్టూలెక్కితేనే నాకు కళ్ళు తిరుగుతాయి."

"కళ్ళ సంగతి నాకు చెప్పకు. నీకు తిరిగేది కళ్ళు కాదు."

చెల్లెలు కంచం పక్కకి జరిపింది. "ఏ మొహం పెట్టుకుని చూడను అన్నయ్యా? నన్ను కని పోయింది. నా మొహమైనా చూడకుండా పోయింది. ఆమె చూడనిది నేను మాత్రం చూసి రావడం ఏం న్యాయం?"

వదిన వచ్చి కంచం మళ్ళీ దగ్గరికి జరిపింది.

కానీ రెండు వారాలు పోయాక ఆదివారం పొద్దున ఆయన ఫ్లాస్కు పట్టుకుని కిందికి వచ్చేసరికి చెల్లెలు షాపు మెట్ల మీద కూర్చుని ఉంది. మెళ్ళో షోకేసులోంచి తీసిన బైనాక్యులర్స్. దాని మీద ధర చీటీ కూడా పీకలేదు.

"రాత్రంతా ఆలోచించాను. న్యాయం సంగతి తర్వాత చూసుకుంటాను. నాకు చూడాలనుంది" అంది.

షెడ్డులో ఆయన దగ్గరున్న రెండో హెల్మెట్ పెట్టి చూస్తే చెల్లెలి ముక్కు మీదికి జారింది. ఆ ముక్కు వాళ్ళ నాన్నది, చిన్నదేం కాదు. మెకానిక్కమ్మ తన హెల్మెట్ తీసి తొడిగి, గడ్డం కింద పట్టీ బిగించింది. తెల్లది, నడినెత్తిన ఎర్ర చార, చెవులు మూస్తూ రెండు రెక్కలు. "ఇది సరిపోయింది పిన్నీ, కదలదు" అంది.

విమానం లేచినప్పుడు చెల్లెలు కళ్ళు గట్టిగా మూసుకుంది. "నేను దేన్ని పట్టుకోను?" అని హెల్మెట్ మైకులోంచి సన్నగా వినిపించింది.

"ఆ గొట్టం పట్టుకో. ఈ కర్ర ముట్టుకోకు, దీంతోనే నడిపేది."

"నేనెందుకు ముట్టుకుంటాను, చచ్చినా ముట్టుకోను."

అయిదువందలు దాటింది. "ఇంక చూడు" అన్నాడు. ఆవిడ ఒక కన్ను తెరిచింది. పెద్ద రోడ్డు సన్నబడింది. మేడలు కురచబడి పెంకుటిళ్ళయ్యాయి. బంతాట మైదానం పచ్చగా పరుచుకుంది. ఆవిడ రెండో కన్ను కూడా తెరిచింది.

పాత ఇంటి మీదికి వచ్చేసరికి అమ్మ మేడ మీదే ఉంది. చెల్లెలు బైనాక్యులర్స్ ఎత్తి చూసి, మళ్ళీ దించింది.

"రెండు తలలు కనిపిస్తున్నాయి. ఏదీ నిలవట్లేదు."

"ఇంజను వణుకు. ఏం చేయలేం."

"అయితే ఆపు."

"ఏమిటి ఆపేది?"

"ఇంజను."

ఆయన ఇన్నేళ్ళలో ఇళ్ళ మీద ఇంజను ఆపలేదు. ఆడుతున్న ఇంజనుని గాల్లో ఆపడం అంటే నడుస్తున్న బండిలోంచి దూకడమే. మళ్ళీ అంటుకుంటుందో లేదో ఎవరూ హామీ ఇవ్వరు. అంటుకోకపోతే దిగాలి. దిగడానికి కింద కనపడుతున్న పచ్చికలేవీ నిజానికి లేవు. మామూలుగా అయితే ఈ మాట అన్నవాళ్ళని ఆయన మళ్ళీ విమానం ఎక్కనివ్వడు. గాలి వెనకనుంచి మైదానం వైపు వీస్తోంది. ఎత్తు ఇంకాస్త పెంచుకుంటే జారుకుంటూ కంచె దాటొచ్చు. దాటొచ్చనే అనుకున్నాడు. పక్కకి తిరిగి చెల్లెల్ని చూశాడు. తన కోసం ఎప్పుడూ ఏమీ అడగని మనిషి. ఎత్తు పెంచి, ఓ చుట్టు తిరిగొచ్చి, మీట నొక్కి ఇంజను ఆపేశాడు.

చప్పుడంతా ఒక్కసారిగా పోయింది. తీగల మీద గాలి ఈల ఒక్కటే మిగిలింది. బైనాక్యులర్స్ నిలిచాయి. నిలిచినా కనిపించింది పాపిడే. అమ్మ వంగి తట్టలోంచి చొక్కా తీసింది, దులిపింది, తీగ మీద వేసింది.

"తలెత్తదేం?" అంది చెల్లెలు. ఆ తర్వాత, పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచింది.

"అమ్మా."

అమ్మ తలెత్తింది. నోట్లో బట్టల క్లిప్పు పళ్ళతో పట్టుకుని ఉంది. ఎండకి ఒక కన్ను చికిలించింది. వెడల్పాటి నుదురు, చెమటకి అంటుకున్న ముంగురులు, గడ్డం మీద చిన్న సొట్ట. క్లిప్పు తీయకుండానే నవ్వింది. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని రెండో చెయ్యి పైకెత్తింది. ఆ తర్వాత పక్కనున్న పిల్లవాణ్ణి పిలిచి ఆకాశం వైపు వేలు చూపించింది. వాడు అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు, ఏమీ కనపడక మళ్ళీ ఆటలో పడ్డాడు.

కళ్ళజోళ్ళాయనకి ఆ వేలు గుర్తొచ్చింది. "అదుగో చూడరా" అంటే ఉత్త ఆకాశం కనపడి, అమ్మ తనని ఆటపట్టిస్తోందని అలిగిన రోజు అది. ఆయనకు దుఃఖం వచ్చింది. కానీ అప్పటికే ఎత్తు తరిగిపోతోంది, ఏడవడానికి తీరిక లేదు. స్టార్టరు నొక్కాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మళ్ళీ నొక్కాడు. ఈసారి దగ్గను కూడా దగ్గలేదు.

అయిదువందల దగ్గర పాత ఊరు పోయి కింద గోడౌన్ల రేకులు మెరిశాయి. ఆయన విమానం ముక్కు కాస్త వంచి, కంచె మీదినుంచి గడ్డిలోకి దించాడు. చక్రానికి కంచె తీగ గీసుకుపోయింది. చెల్లెలు అదేమీ గమనించలేదు. "సొట్ట ఉంది అన్నయ్యా, గడ్డం మీద. నువ్వెప్పుడూ చెప్పలేదే" అంటూనే ఉంది.

మెకానిక్కమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఇళ్ళ మీద ఇంజను ఆపావా బాబాయ్? మతుండే ఆపావా?"

"చెల్లెలు అమ్మని పిలవాలంది."

మెకానిక్కమ్మ రొప్పుతూ నిలబడింది. "అదైతే సరే. ఇంకోసారి చేస్తే మాత్రం తాళాలివ్వను. ప్లగ్గులు చూడాలి, దిగండి" అంది.

తర్వాతి ఆదివారం చెల్లెలు అడక్కుండానే వచ్చి కూర్చుంది. ఆ వారం అమ్మ బట్టలు ఆరేయలేదు, మేడ మీద నీడలో పీట వేసుకుని ఏదో అల్లుతోంది. ఒళ్ళో తెల్లని ఊలు ఉండ ఉంది. ఆ పై వారం తెల్ల ఉండ పక్కన ఎర్రది కూడా ఉంది. మధ్యమధ్యలో అల్లిక ఆపి, ఎవరి కోసమో తలెత్తి చూస్తోంది. ఇంజను ఆడుతూనే ఉంది కాబట్టి ఆమెకి ఏదీ వినపడలేదు.

చెల్లెలు ఎర్ర ఉండనే చూస్తూ ఉండిపోయింది. దిగాక హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆ చార మీద వేలితో రాసింది. దాన్ని అలాగే ఇంటికి పట్టుకెళ్ళి, పెట్టెలోంచి ఊలు టోపీ తీసి దాని పక్కన పెట్టింది. అదే తెలుపు, అదే చార, చెవుల మీద అవే రెక్కలు.

"చూసింది వదినా" అంది. "నన్ను చూసే పోయింది." అలా అని వదిన భుజం మీద తల పెట్టి, యాభై నాలుగేళ్ళ ఏడుపూ ఏడ్చింది. వదిన ఓదార్చలేదు, ఏడవనిచ్చింది.

పుట్టినరోజు వారం మధ్యలో వచ్చి వెళ్ళిపోయింది. ఆదివారం పొద్దున కళ్ళజోళ్ళాయన ఫ్లాస్కు తియ్యలేదు. "ఈ వారం వద్దులే" అన్నాడు గోడ వైపు తిరిగి. అమ్మ లేని మేడ చూడటానికి ఆయనకు ధైర్యం చాల్లేదు. చెల్లెలే కాఫీ పోసి ఫ్లాస్కు చేతికిచ్చింది. "పద. కింద ఆ ఇంట్లో నేనున్నానుగా" అంది.

మేడ మీద తీగలు ఖాళీగా ఉన్నాయి. వాళ్ళు రెండు చుట్లు తిరిగారు. మూడో చుట్టులో నాన్న మెట్లెక్కి వచ్చాడు, చేతుల్లో చిన్న మూట. ఆయన వెనకాల పెద్ద బుర్ర పిల్లవాడు, చొక్కా అంచు పట్టుకుని. నాన్న ఎండలోకి వచ్చి మూటని కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు. మండుటెండలో ఆ మూటకి తెల్ల టోపీ, దాని మీద ఎర్ర చార.

చెల్లెలు చాలాసేపు చూసింది.

"అన్నయ్యా."

"ఊఁ."

"టోపీ నాకు బాగా నప్పింది."

ఆయన తల ఊపాడు. చెల్లెలు గొట్టం వదిలేసి, చచ్చినా ముట్టుకోనన్న కర్ర మీద చెయ్యి వేసింది.

"ఇంకో చుట్టు నేను తిప్పనా?"

కళ్ళజోళ్ళాయన కర్ర మీదినుంచి చెయ్యి తీసేశాడు.