కంచులో పోసిన చెయ్యి

ఎల్ల గుండెల లోపల నెపుడు వెలిగి
చేయు పనులెల్ల గనుచుండి చెంత నిలిచి
దాచు తప్పును వెలుగులోఁ దడయకుంచు
నంతరాత్మకు భక్తితో నంజలింతు.

ఆ సర్వసాక్షి కన్నుగప్పి ఏ ప్రాణీ ఏ పనీ చేయలేదు. చేశాననుకున్న ఒక మనిషి కథ ఇది.

వెండెల్ ష్రేడర్ పుట్టిన ఊరు బ్రెన్‌ఫోర్డ్. పెన్సిల్వేనియా పడమటి కొండల్లో, మొనొంగహేలా నది ఒడ్డున, ఉక్కు కొలిమి చల్లారిపోయినా చేత్తో బంతి విసిరి ఆడే అమెరికా ఫుట్‌బాల్ పిచ్చి మాత్రం చల్లారని ఊరు. ఆ ఊరివారు తమ బడి మైదానానికి వెండెల్ పేరు పెట్టి, గుమ్మం పక్కన కంచు విగ్రహం నిలుపుతామని కబురు పెట్టారు. విగ్రహం తన ఒక్కడిదే అయి ఉంటే వెండెల్ సంతోషంగానే వచ్చేవాడు. కాని అది ఇద్దరిది. మంచు కురుస్తున్న మైదానంలో, వెండెల్ తన జట్టువాడైన ఆగీ పెట్రుస్కా మెడ చుట్టూ చెయ్యి వేసి, చెవిలో ఏదో చెబుతున్నట్టుగా ఎప్పుడో ఒక పత్రికవాడు తీసిన ఫోటో దానికి మూలం. ఆట చూసేవారిలో ఆ ఫోటో ఎరగనివారు లేరు. స్నేహమంటే ఇదీ అని పత్రికలు రాశాయి. వెండెల్ ఆట మానేసి కార్ల వ్యాపారంలో దిగినప్పుడు ఆ ఫోటోయే అతని ప్రతి దుకాణం నెత్తిమీదా వెలిసింది. దాని కింద, "వెండెల్ మిమ్మల్ని పడనివ్వడు" అన్న మాట.

ఆ చెయ్యి ఎందుకు వేశాడో ఒక్క వెండెల్‌కే తెలుసు.

సన్మానం శనివారం మధ్యాహ్నం. ఆ ఉదయమే అతడు ఆగీ ఇంటి తలుపు తట్టాడు. ఆగీ భార్య డోరీ తలుపు తీసింది.

"రావయ్యా మహానుభావా! బూట్లు తుడుచుకుని మరీ రా. కంచు మనిషివైనా సరే, నా వంటింట్లో బురద తొక్కనివ్వను."

"ఇంకా కంచు కాలేదు తల్లీ. మధ్యాహ్నం దాకా కండే."

"కండా! ఎక్కడా? ఆ ఫ్లోరిడా ఎండలో ఎండు చేపలా అయిపోయావు. కూర్చో. క్యాబేజీ చుట్టలు చేస్తున్నా. తినకుండా కదలనిచ్చేది లేదు."

కిటికీ దగ్గర పెద్ద కుర్చీలో ఆగీ కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఇద్దరు మనుషులంత వెడల్పుగా ఉండేవాడు. ఇప్పుడు ఆ దేహం మీద కోటు కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. మాసిన గడ్డం. అయినా వెండెల్‌ను చూడగానే ముఖమంతా వెలిగింది.

"ఒరేయ్ వెండీ! ఎవరితోరా ఇవాళ మనకి ఆట?"

"ఇవాళ ఆట లేదురా. ఉత్త ఉపన్యాసాలే."

"అయితే నేను రాను పో. నీ వాగుడు వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి."

ముగ్గురూ నవ్వారు. వెండెల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడో లేదో, ఆగీ మళ్లీ అంతే ఉత్సాహంతో, "ఒరేయ్ వెండీ! ఎవరితోరా ఇవాళ ఆట?" అన్నాడు.

డోరీ వెనుదిరగకుండానే, పొయ్యి దగ్గరి నుంచి నెమ్మదిగా అంది: "అడుగుతూనే ఉంటాడు. అడిగినప్పుడల్లా చెప్పు. చెప్పకపోతే భయపడతాడు. దెబ్బలు తినీ తినీ తల లోపలంతా నలిగిపోయిందన్నారు డాక్టర్లు. ఎప్పుడు మొదలైందో దేవుడికే తెలియాలి."

వెండెల్ తల దించుకున్నాడు. దేవుడి తర్వాత, ఆ సంగతి తెలిసినవాడు తానే.

వాళ్లిద్దరూ ఒకే వీధిలో పెరిగారు, ఒకే కొలిమిలో పనిచేసిన తండ్రులకు పుట్టారు. వెండెల్ భుజబలం చూసి పెద్ద పెద్ద కళాశాలలు గుమ్మంలో నిలబడ్డాయి. ఆగీ కూడా అదే కళాశాలలో చేరాడు. దైవికంగా, జీతానికి ఆడే పెద్దల ఆటలోనూ ఇద్దరికీ ఒకే జట్టు దొరికింది. వెండెల్ క్వార్టర్‌బ్యాక్. ఎత్తు వేసేదీ, బంతి విసిరేదీ అతడే. ఆగీ సెంటర్. నేలమీద వేళ్లు మోపి వంగి, కాళ్ల సందునుంచి బంతిని వెనకనున్న వెండెల్ చేతికి అందించి, ఆ మరుక్షణమే ఎదుటివారి మీదికి గోడై లేవడం అతని పని. పేరు విసిరినవాడిది, దెబ్బలు గోడవి. అందుకే ఆ ఆటలో ఒక ఆచారం ఉంది: గురువారం సాయంత్రాలు క్వార్టర్‌బ్యాక్ తన గోడవాళ్లను మాంసం వడ్డించే హోటలుకు తీసుకుపోయి, కడుపు పగిలేలా తినిపించాలి. "గోడకి మేత పెట్టకపోతే ఇల్లు కూలుద్దిరోయ్!" అనేవాడు ఆగీ, తన పళ్లెం ముగించి వెండెల్ పళ్లెంలో చెయ్యి పెడుతూ.

ఒక జనవరిలో, నెగ్గితే ఫైనల్ చేరే ఆటలో, ఆగీ తలకు మోకాలి దెబ్బ తగిలింది. పడ్డాడు. లేచాడు. లేచి నేరుగా నడిచివెళ్లి ఎదుటి జట్టు గుంపులో, వాళ్ల నాయకుడు చెబుతున్న ఎత్తు వింటూ, బుద్ధిగా తల వంచి నిలబడ్డాడు. ఆ ఆట ఆడినవాడెవడికైనా దాని అర్థం విడమరిచి చెప్పనక్కరలేదు. వెండెల్ ఒక్క చెయ్యి పైకెత్తి ఉంటే మైదానం ఒడ్డునుంచి మరొకడు వచ్చేవాడు. కాని ఆ మరొకడు చలికి వేళ్లు కొంకర్లుపోయి బంతి జారవిడిచే కుర్రవాడు. వ్యవధి చూస్తే కరిగిపోతోంది. వెండెల్ చెయ్యి ఎత్తలేదు. పరుగున వెళ్లి ఆగీ మెడ చుట్టూ ఆ చెయ్యే వేసి, తమ గుంపులోకి లాక్కొచ్చాడు.

"వెండీ, మనం ఏ ఊళ్లో ఉన్నాంరా?" అని అడిగాడు ఆగీ.

"నెగ్గే ఊళ్లో!" అన్నాడు వెండెల్. అందరూ గొల్లున నవ్వారు.

ఆ తర్వాత, ఒడ్డునున్న కోచ్‌కీ, డాక్టర్లకీ ఆగీ కళ్లు చూసే తీరిక లేకుండా, ఎత్తు మీద ఎత్తు వేగిరంగా నడిపించాడు. ప్రతిసారీ చెవిలో, "కుడివైపువాణ్ణి కొట్టు", "ఇప్పుడు ఎడమవాణ్ణి" అని ఊదాడు. ఆటలో నెగ్గారు. సాధనలోనూ అలాగే ఊదాడు. ఫైనల్‌లోనూ అలాగే ఊది, అదీ గెలిచాడు. వెండెల్ నాలుకే ఆగీకి మెదడయింది. వెండెల్‌కు ఫైనల్ గెలిచినవారికిచ్చే బంగారు ఉంగరం వచ్చింది, కీర్తి వచ్చింది. ఆ కీర్తి వెంట ఆదివారాలు టీవీలో మాట్లాడే ఉద్యోగం, కార్ల దుకాణాలు, ఫ్లోరిడాలో సముద్రం ఎదుట మేడ, గుర్రాలు వచ్చాయి. ఆగీ ఇంకా కొన్నేళ్లు తలతో గోడ మోశాడు. మొదట దాచడమే కష్టం. ఆ మీదట ఎవరూ అడగరు కనుక ఎవరూ చెప్పరు.

"బొమ్మ చేసే ఆయన వచ్చి ఆగీ ముక్కు కొలత తీసుకున్నాడు తెలుసా," అంటోంది డోరీ, ఉడికిన ఆకులో మాంసం పెట్టి చుడుతూ. "ఇంత ముక్కుకి కంచు చాలదేమో అన్నా. నవ్వి చచ్చాడు. ఒక్క మాట చెబుతా వెండెల్. ప్రార్థనలో నీ పేరు చెప్పని రోజు లేదు నాకు. ఆ రోజు నువ్వు పట్టుకోకపోతే పడిపోయి ఉండేవాడు."

వెండెల్ అన్నాడు: "పడిపోవలసింది, డోరీ."

"ఏమిటీ?"

"పడితే బయటికి తీసుకుపోయేవాళ్లు. తీసుకుపోకూడదనే పట్టుకున్నాను."

ఆమె చేతిలో ఆకు సగం చుట్టి ఆగిపోయింది. "నీకు తెలుసా? అప్పుడే?"

"తెలుసు. వాళ్ల గుంపులోకి పోయి నిలబడ్డాడు."

"ఆ మరుసటి వారం?"

"తెలుసు."

"ఫైనల్‌లో?"

"తెలుసు, డోరీ."

డోరీ కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. "ఆ వారమే నీకు ఫోను చేశాను. పళ్లు తోముకునే బ్రష్ పట్టుకుని అద్దం ముందు బొమ్మలా నిలబడిపోయాడు, ఏమయ్యింది వీడికి అని అడిగాను. అలసట అన్నావు."

"అన్నాను."

"నమ్మాను. కాఫీ తాగించి పొద్దున్నే సాధనకి నేనే పంపాను." ఆమె నడుముకు కట్టుకున్న వంట గుడ్డతో చేతులు తుడుచుకుని, అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇప్పుడు ఈ మూట తెచ్చి నా వంటింట్లో దించి, తేలిగ్గా పోదామనుకున్నావా? నువ్వు దించావు, ఎత్తుకున్నది నేను. కుదరదు. అక్కడ చెప్పు. ఊరంతా వినేలా, ఆ కంచు ముందర చెప్పు. వీణ్ణి తీసుకొస్తా. వీడి ముందర చెప్పు."

"చెబుతాను."

"ఎవరితోరా ఆట?" అన్నాడు ఆగీ కిటికీ దగ్గరినుంచి.

"ఆట లేదురా, ఆగీ," అన్నాడు వెండెల్. క్యాబేజీ చుట్టలు తినమని ఈసారి డోరీ అనలేదు.

మైదానం నిండిపోయింది. బడిపిల్లల బ్యాండు, కాలుతున్న సాసేజిల వాసన, దుప్పట్లు కప్పుకున్న పాత ఉక్కు కార్మికులు. విగ్రహం మీద నీలం గుడ్డ కప్పి ఉంది. ముందు వరుసలో డోరీ, పక్కన ఆగీ. మేయరమ్మ లొరెయిన్ కచ్‌మార్ వెండెల్ కాలరుకు తన చేత్తోనే మైకు తగిలించింది.

"ఈయన బళ్లో నా వెనక బెంచీ! అప్పట్లో లెక్కల పరీక్షలో ఒక్కటీ సరిగ్గా విసరలేదు!" అని ఆమె అనగానే జనం పగలబడి నవ్వారు.

వెండెల్ లేచి అంతా చెప్పాడు. ఎదుటి గుంపులో ఆగీ నిలబడడం, తాను చెయ్యి ఎత్తకపోవడం, చెవిలో ఊదడం, డోరీతో అబద్ధమాడడం, ఏదీ వదలలేదు. రాళ్లు పడతాయని గుండె దిటవు చేసుకుని వచ్చినవాడతడు.

అంతలో వెనక వరుసనుంచి ఒక ముసలాయన కేక: "అదీ ఆటంటే! ఈ కాలం కుర్రకుంకలకి చెప్పు! తుమ్మితే సెలవడుగుతారు!"

చప్పట్లు మొదలయ్యాయి.

"మీకు అర్థం కాలేదు," అన్నాడు వెండెల్. "నేను వాణ్ణి కాపాడలేదు. వాడుకున్నాను."

చప్పట్లు రెట్టించాయి. "చూశారా వినయం!" అంటూ మేయరమ్మ కళ్లు ఒత్తుకుంది. బ్యాండువాళ్లు బడి విజయగీతం ఎత్తుకున్నారు. రాళ్లకైతే అతడు సిద్ధపడ్డాడు. పూలు పడుతుంటే ఎటు తప్పుకోవాలో అతనికి తెలియలేదు. తన పాపాన్ని తన నోటితోనే ఆ జనానికి పురాణంగా వినిపించినట్టయింది.

బ్యాండు మోత, జనఘోష ఆగీ చెవిన పడ్డాయి. అతడు కుర్చీలోంచి లేచాడు. గడ్డిమీదికి నడిచాడు. కాళ్లు ఎడం చేసి, నడుము వంచి, కుడిచేతి వేళ్లు నేలకు ఆనించి, లేని బంతిని గట్టిగా పట్టుకున్నాడు. వెనక్కి చూడలేదు. సెంటర్ వెనక్కి చూడడు. వెనకనున్న క్వార్టర్‌బ్యాక్ గొంతు కోసం ఎదురుచూస్తాడు.

అలాగే ఉండిపోయాడు. మోకాళ్లు వణుకుతున్నాయి. చప్పట్లు ముందు వరుసలో ఆగాయి, తర్వాత వెనక. బూరలు ఒక్కొక్కటే నోరు మూశాయి. డోరీ లేవబోయి, వేదిక దిగుతున్న వెండెల్‌ను చూసి, నిలిచిపోయింది.

అలవాటు వెండెల్ కాళ్లను ఆగీ వెనక్కే, తన పాత చోటికి లాగింది. వెండెల్ అక్కడ ఆగక, చుట్టూ తిరిగి ఎదుటికి వచ్చి, గడ్డిలో మోకరించాడు.

"ఏంట్రా, ఏమీ చెప్పవేం?" అన్నాడు ఆగీ విసుగ్గా. "టైము అయిపోతోంది."

"నువ్వు బయటికి వెళ్లాలిరా, ఆగీ."

"బయటికా? బాగానే ఉన్నాగా!"

"బాగా లేవు. తలకి దెబ్బ తగిలింది."

"ఎవరన్నారు?"

"నేను చూశాను."

ఆగీ మైదానం ఒడ్డువైపు చూశాడు. "కోచ్ తిడతాడురా."

"నన్ను తిట్టనీ. లే, నాన్నా."

కాలరుకున్న మైకు ప్రతి మాటనూ కొండలదాకా మోసింది. మోచెయ్యి పట్టుకుని అతణ్ణి ఒడ్డుకు నడిపించుకు వస్తుంటే ఎవరూ కదలలేదు. ఇందాక కేక వేసిన ముసలాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంకెవరో, "ఇంత చక్కటి రోజుని పాడుచేశాడు," అని గొణిగారు. నీలం గుడ్డ తాడు మేయరమ్మ చేతిలోనే ఉంది. ఆమె దానిని లాగలేదు. వెండెల్ లాగమని అడగలేదు.

డోరీ ఆగీని కారులో కూర్చోబెట్టి, పట్టీ బిగించి, తలుపు వేసి, అప్పుడు వెండెల్ వైపు తిరిగింది.

"క్షమించమని అడగబోకు."

"అడగను."

"అడిగినా నా దగ్గర లేదు. మంగళవారం పొద్దున్నే రా. వాడికి గడ్డం గీయాలి. నేను కత్తి పట్టుకుంటే బెదిరిపోతున్నాడు. నీ మాటైతే వింటాడు." ఆమె చేతిసంచిలోంచి కారు తాళం తీసింది. "ఎప్పుడూ వింటూనే ఉన్నాడుగా."

"వస్తాను."

"ఒక్క మంగళవారం కాదు."

"తెలుసు, డోరీ."

కారు కదిలింది. వెండెల్ ఆ రోడ్డు పక్కనే నిలబడి, సముద్రం ఎదుటి మేడకు ఫోను చేసి, తన కోసం ఎదురుచూడవద్దని చెప్పాడు. ఆ తర్వాత దుకాణాలకు ఫోను చేసి, ఆ ఫోటోను దింపెయ్యమన్నాడు. దానికి బదులు ఏది పెట్టాలని వాళ్లు అడిగితే, ఆ చోటు ఖాళీగానే ఉంచమన్నాడు.

ఈ కథ ఆలకించిన వారందరికీ ఎత్తవలసిన వేళ చెయ్యి పైకి లేచుగాక. చెప్పవలసిన మాట ఆలస్యం కాకుండా నాలుకకు అందుగాక. ఇతరుల కోసం దెబ్బ కాచే ప్రతి తలనూ ఆ సర్వసాక్షి తన అరచేతి నీడలో ఉంచుగాక. ఆలస్యంగా మేలుకున్నవారికి సైతం, సేవ చేసుకునేందుకు ఒక మంగళవారం మిగులుగాక.