ముందు వెళ్ళేవాడి కేక

గాలి ఇంకాస్త తీసెయ్యాల్సింది, ఈ కంకర మీద బిగుసుకుపోయిన టైరు రాయి తగిలిందంటే నీళ్ళు పడ్డ పిల్లిలా ఎగురుతుంది, బావైతే బయల్దేరేముందే బొటనవేలితో నొక్కి చూసి ఇది టైరా ఇనప కమ్మీనా అనేవాడు, కలప డిపోలో ముప్పై ఏళ్ళు దుంగల చుట్టుకొలతలు రాసిన చెయ్యి, దేన్ని ముట్టుకున్నా కొలిచేది, ఆ చెయ్యి బావతో పాటే పోయి మూడు నెలలు, అనుకుంటూ దర్జీ ఎక్కుడు మొదట్లోనే గేరు తగ్గించాడు, మోకాలు కిర్రుమంది, సైకిలు కిర్రుమంది, ఏది ముందు అరిగిపోతుందో చూద్దాం అనుకున్నాడు, నవ్వొచ్చేంత మాటే, నవ్వు రాలేదు, రెండు పక్కలా చెట్లు తడిసి నల్లగా నిలబడి ఉన్నాయి, మంచు కొమ్మల మధ్య ఆరేసిన పాత దుప్పట్లలా వేలాడుతోంది, ఇంత పగటిపూట కూడా అడవిలో దీపం పెట్టుకోవాలనిపించే వెలుగు, బస్సెక్కి ఉంటే ఈపాటికి సగం దూరం పోయేవాడు, కొండ చుట్టూ తిరిగి అక్క ఇంటి ముందే దింపుతుంది, కాని బస్సులో కిటికీ పక్కన కూర్చోబెడితే తన బుర్ర ఊరుకోదు, దిగేలోగా ఏదో ఒక కథ కత్తిరించి, కుట్టి, గుండీలు కూడా పెట్టేసి చేతికిస్తుంది, ఎక్కుడులో ఆ బెడద లేదు, ఊపిరి తీసుకోవడానికే తీరిక లేనివాడు అబద్ధం ఏం ఆడతాడు, ఇవాళ అక్క దగ్గరికి ఒక్క మాటతో వెళ్ళాలి, దానికి అంచు కుట్టకుండా, ఇస్త్రీ చెయ్యకుండా అలాగే ఇచ్చెయ్యాలి, నిన్న ఫోనులో ఏమంది, వచ్చి ఆ సైకిలు తీసుకుపోరా, ఆ మనిషి వస్తువులేవీ నాకు కనపడకూడదు, అంది, నలభై ఏళ్ళు మీ బావ అన్న నోటితోనే ఆ మనిషి అంది, చొక్కాలు, కళ్ళజోడు, టేపు అన్నీ అట్టపెట్టెలో పడేశానంది, ఒక్క మలుపు దగ్గర నెమ్మదించలేకపోయాడా, ఇంట్లో ఒకతి ఉందని గుర్తులేదా, అంది, అలా తిట్టి తిట్టి పెట్టేసింది, ఇక్కడ తన చేతిలో టేపు అలాగే వేలాడుతూ ఉండిపోయింది, ఎదురుగా కొలతలిస్తున్న పోస్టుమాస్టరు, మాస్టారూ, నా చెయ్యి దించొచ్చా అని అడిగేదాకా.

ఊళ్ళో తన పేరే కోతల మాస్టారు, గుడ్డ కోసేదాని కంటే నోటితో కోసేదే ఎక్కువని డిపో వాళ్ళు పెట్టిన పేరు, దానికి ఎప్పుడూ నొచ్చుకోలేదు సరికదా, బోర్డు మీద రాయించనందుకే బాధపడ్డాడు, ఈ దారిలోనే, అదిగో ఆ పడిపోయిన మాను దగ్గరే, ఒక లేడి అడ్డమొచ్చి మెడ దగ్గర గుండీ ఊడిందయ్యా, కాస్త కుట్టి పెట్టు అందని చెప్పాడు, వెనక నుంచి బావ తొక్కుతూనే ఎన్ని కన్నాల గుండీరా అన్నాడు, నాలుగు, అన్నాడు తను, అయితే అబద్ధం, లేళ్ళకి రెండు కన్నాలవే వాడతారు, అన్నాడు బావ, అంతే, బావకి అబద్ధం మీద పేచీ లేదు, కొలత తప్పితేనే పేచీ, పదకొండేళ్ళు ప్రతి ఆదివారం ఇలాగే తొక్కారు, తను ముందు, బావ వెనక, ఎప్పుడూ అంతే, ఎక్కుడులో చెమటకి అద్దాలు మసకబారితే బావ కళ్ళజోడు జేబులో పెట్టేసేవాడు, ఆ తరవాత ఆయనకి కనపడేదల్లా ముందున్న సైకిలు వెనక చక్రం ఒక్కటే, దానికో పద్ధతి పెట్టుకున్నారు, ముందు వెళ్ళేవాడు దారి చూసి కేకెయ్యాలి, రాయి, ఇసుక, కొమ్మ, గుంత, ఒక్క మాట చాలు, వెనకవాడు ఎక్కడా అని అడగడు, చూడడు, ఆ మాట చెవినపడగానే హ్యాండిలు తిప్పుతాడు, బావ తిప్పేవాడు, డిపోలో ఎవరు చెప్పిన అంకె అయినా మళ్ళీ టేపు పెట్టి చూసుకోందే రాయనివాడు, తను రాయి అంటే చాలు పక్కకి జరిగేవాడు.

మెట్ట మీదకొచ్చేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, దిగి నడుద్దామా, వద్దు, దిగితే వెనక్కి తిరుగుతాడని తనకి తెలుసు, తన సంగతి తనకి కాక ఎవరికి తెలుసు, దిగుడు మొదలైంది, బ్రేకుల మీద రెండేసి వేళ్ళు, చక్రాల కింద కంకర మరలో పోసిన శనగల్లా గలగలమంటోంది, మలుపు వస్తోంది, ఆ రోజు కూడా ఇలాగే దిగుతున్నారు, రాత్రి వాన పడి వెలిసిన పొద్దు, ఇక్కడే మొదలుపెట్టాడు జలగ కథ, ఒకసారి అడవి మధ్యలో టైరు పంక్చరైంది బావా, సంచిలో అతుకు లేదు, జిగురు లేదు, అన్నాడు, ఊఁ అన్నాడు బావ, కాలికి పట్టిన జలగని పీకి ఆ కన్నం మీద అంటించా, అన్నాడు, పొడవెంత, అన్నాడు బావ, అంగుళమున్నర, ఊఁ, ఆరు మైళ్ళు తొక్కా, బొట్టు గాలి పోలేదు, ఊఁ, ఇంటికొచ్చి చూద్దును కదా, అన్నాడు, అప్పుడు కనపడింది గాడి, వాననీళ్ళు దారిని అడ్డంగా కోసుకుపోయాయి, మూరెడు వెడల్పు, అంచులు కత్తిరించినట్టు, చూశాడు, మంచు లేదు, మసక లేదు, శుభ్రంగా చూశాడు, గుంత అనడానికి ఎంతసేపు పడుతుంది, కాని కథ కొసకొచ్చేసింది, ఇప్పుడు గుంత అంటే నవ్వు చెడిపోతుంది, చెప్పి మళ్ళీ అందుకుంటే సగం చల్లారిపోతుంది, తను హ్యాండిలు ఎత్తి దాటేశాడు, బావ కూడా దాటేస్తాడులే అనుకున్నాడా అంటే అదీ లేదు, అసలు బావ గురించి అనుకోలేదు, నవ్వు గురించే అనుకున్నాడు, ఇంటికొచ్చి చూద్దును కదా, ఆ జలగ గాలంతా తాగి నా తలకాయంత అయి కూర్చుంది బావా, అని పూర్తిచేశాడు, పూర్తిచేసి నవ్వు కోసం చెవి అటు పడేశాడు, వెనక నుంచి ఊఁ రాలేదు.

ఇప్పుడు ఆ గాడి లేదు, రోడ్డు పనివాళ్ళు కొత్త కంకర పోసి చదును చేసేశారు, ఏ మలుపైనా ఇలాగే ఉంటుంది, వేలు పెట్టి ఇదిగో ఇక్కడ అని చూపించడానికి ఒక్క మరక కూడా మిగల్లేదు, ఆ రోజు దుంగల లారీ డ్రైవరు దిగొచ్చి ఎలా జరిగింది పెద్దాయనా అన్నప్పుడు, తన నోరు తనని అడక్కుండానే, ఈయన ముందు దూసుకుపోయాడు, నేను చాలా వెనక ఉన్నా, వచ్చేసరికి పడున్నాడు, అంది, డ్రైవరు తలూపాడు, ఆస్పత్రిలో డాక్టరు తలూపాడు, అక్క అయితే గోడకి ఆనుకుని అలా జారి కూర్చుండిపోయి, తొందర, ఎప్పుడూ తొందరే, అంది, బావకి తొందరేమిటి, దుంగకి మూడు చోట్ల టేపు పెట్టే మనిషికి, అని ఒక్కరూ అడగలేదు, పుట్టి బుద్ధెరిగాక తను ఆడిన అబద్ధాల్లో ఎవరూ నవ్వనిది, అందరూ నమ్మినది అదొక్కటే.

అక్క వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని చిప్పలోకి బీన్సు తుంచుతోంది, ఏరా ఈ బురదేమిటి, బస్సులు పడుకున్నాయా, కాళ్ళు కడుక్కో ముందు, సైకిలు వెనక వరండాలో ఉంది, గోనె కప్పా, పట్టుకుపో, అంది తలెత్తకుండా, చిక్కిపోయింది, జాకెట్టు భుజాల దగ్గర అంగుళం వదులు, కంటితోనే కొలిచేశాడు, పాడు అలవాటు, కాళ్ళు కడుక్కోలేదు, కూర్చోలేదు, బావ ముందు లేడక్కా, అన్నాడు, నేనే ముందు, ఎప్పట్లాగే, గాడి చూశాను, కేకెయ్యలేదు, కథ చెబుతున్నా, కొస పోతుందని కేకెయ్యలేదు, బావ తొందరపడలేదు, నా చక్రం చూసుకుంటూ వచ్చాడు పాపం, అన్నాడు, ఊపిరి లేక అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ పడలేదు, అక్క చేతులాగాయి, ఏం కథ, అంది, జలగ కథ, జలగా, ఆఁ, జలగ, పంక్చరు మీద అంటిస్తే, అనేసరికి అక్క తలెత్తి తన మొహంలోకి చూసింది, ఆ కళ్ళు ఎక్కడ మండుతాయో, ఆ చిప్ప ఎప్పుడు వచ్చి తన మొహాన పడుతుందో అని నిలబడ్డాడు, పడితే బాగుండునని కూడా అనిపించింది, కాని అక్క మొహం మెల్లగా వదులైంది, మూడు నెలల్లో మొదటిసారి పెదవి చివర చిన్న నవ్వులాంటిది మెదిలింది, ఆయన్ని తిడుతున్నానని ఓర్చుకోలేకపోయావు కదూ, అంది, నిన్న ఫోనులో అన్నాక రాత్రంతా కూర్చుని అల్లి ఉంటావు, అక్కా ఇది నిజం, అన్నాడు, ప్రతిదానికీ చివర అదే అంటావు, చిన్నప్పుడు నేను పగలగొట్టిన అద్దం కూడా నువ్వే పగలగొట్టానని చెప్పి నాన్న చేత తన్నులు తిన్నావు, అదీ నిజమే అన్నావు, అంది, లేచింది, తడి చేత్తోనే చెంప నిమిరింది, నువ్వు మంచివాడివిరా, కాని ముందుకి పరిగెత్తిపోయిన మనిషిని కథ చెప్పి వెనక్కి తెచ్చి నిలబెట్టలేవు, కూర్చో, కాఫీ పెడతా, అంది.

కూర్చున్నాడు, పొయ్యి వెలిగిన చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు, అక్క ముక్కు చీదుకున్న చప్పుడు, మళ్ళీ చెప్పొచ్చు, ఒట్టేసి చెప్పొచ్చు, ఎన్నిసార్లు చెబితే అంత మంచివాడైపోతాడు, బావ అంత తొందరపాటు మనిషిగానే ఈ ఇంట్లో మిగిలిపోతాడు, అక్క కోప్పడితే ఎలా అని ఇన్నాళ్ళూ భయపడ్డాడు, భయపడాల్సింది దానికి కాదని ఈ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది, కనీసం వెనక ఒక గొంతు ఉండి ఎక్కడ చూశావురా, ఎన్ని గజాల ముందు, ఎంత వెడల్పు అని అడిగితే ఒక్కొక్క కొలతా తప్పకుండా చెప్పేవాడు, అడిగే మనిషి లేడు, తను చెప్పే వెయ్యి మాటల్లో ఏది అబద్ధమో, ఏది దారో చెవితోనే తెలుసుకుని, తలెత్తి చూడకుండా నమ్మిన మనిషి భూమ్మీద ఒక్కడే ఉండేవాడు, ఆ ఒక్కడికే ఇవ్వాల్సిన ఒక్క మాటని తను నవ్వు కోసం దాచుకున్నాడు, ఇక ఎంత నిజం చెప్పినా నిజంగా వినేవాళ్ళెవరూ లేరు.