అమ్మ మాట్లాడని పావుగంట

కూతురు తుమ్మితే న్యుమోనియా, దగ్గితే క్షయ అనుకునే తల్లి ఆమె. అలాంటిది నిజంగానే కీళ్లవాతం వచ్చి పిల్ల వేళ్లమీద తిష్ఠ వేస్తే, ఆ గుండె ఏం కావాలి? పిల్ల టైలరింగ్ షాపులో కోట్లకి కాజాలు కుడుతుంది. నెలలోగా చేతులు కుదుటపడకపోతే ఇంకో మనిషిని చూసుకుంటానని టైలరు చెప్పేశాడు.

పెద్దాసుపత్రి డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, కంప్యూటరుకేసి తిరిగే మాట్లాడి, డోసు పెంచి పంపేవాడు. ఏడాదిలో మూడుసార్లు పెంచాడు. వాపు రవ్వంతైనా తగ్గలేదు.

అందుకే ఈసారి వీధి చివరి చిన్న క్లినిక్కుకి వచ్చారు. అక్కడి డాక్టరమ్మ కాగితాలు చదివి పక్కన పెట్టి, పిల్ల వేళ్లని తన అరచేతిలోకి తీసుకుంది.

"పొద్దున లేవగానే ఎలా ఉంటాయి తల్లీ?"

"కర్రలేనండీ, వంగవు!" అంది తల్లి.

"మాత్రలు ఎప్పుడు వేసుకుంటావు?"

"టిఫిను కాగానే నేనే ఇస్తాను. ఒక్కపూట తప్పితే ఒట్టు!"

డాక్టరమ్మ నవ్వింది. "అమ్మగారూ, వేళ్లు మీవా, అమ్మాయివా? కాసేపు తనని చెప్పనివ్వండి."

తల్లి పెదవులు బిగించింది. పిల్ల గచ్చుకేసి చూస్తూ మొదలుపెట్టింది.

"షాపున్న రోజుల్లో మింగనండీ. బుగ్గన పెట్టుకుని మెట్ల దగ్గర ఊసేస్తా. మింగితే మధ్యాహ్నం దాకా కళ్లు తిరుగుతాయి. ఒకసారి కాజా దాటి కోటు గుడ్డే కోసేశాను."

తల్లికి అప్పుడర్థమైంది. మింగని మాత్ర పనిచెయ్యలేదని డోసు పెంచడం, పెరిగిన డోసుకి జడిసి పిల్ల ఊసెయ్యడం! ఏడాదంతా ఇదేనన్నమాట.

"నాకు చెప్పొచ్చుగా మొద్దూ!"

"చెబితే తిండి మానేసి ఏడుస్తావు. నీ ఏడుపుకి ఏ మాత్రా లేదుగా!"

డాక్టరమ్మ డోసు తగ్గించి, షాపు నుంచి వచ్చి భోంచేశాక వేసుకోమంది. రెండు వారాలకి మళ్లీ రమ్మంది. పొద్దున వేళ్లు వంగేదాకా ఆగి గంట ఆలస్యంగా రానివ్వమని టైలరుతో తనే మాట్లాడతానంటే, "నేనే అడుగుతానండీ," అంది పిల్ల.

వీధిలోకి వచ్చారు. టైలరు కాదంటే? నిద్రలో కళ్లు తిరిగితే? భయాలన్నీ తల్లి నాలుక చివరిదాకా వచ్చాయి. వాటిని అలాగే మింగేసింది.

"రాత్రి మాత్ర నేనివ్వనా, నువ్వే వేసుకుంటావా?"

పిల్ల ఆలోచించింది. తల్లి తొందరపెట్టలేదు.

"నువ్వే ఇవ్వు. తేడా చేస్తే ఈసారి ముందు నీకే చెబుతా. ఏడవకూడదు మరి."

"ఏడవనే," అంది తల్లి, గట్టిగా ముక్కు చీదుతూ.