మూత తీయని గిన్నె

మందను దొడ్డి బయటికి తోలి, బీరన్న వంగి పుట్టగొడుగులు పీకుతున్నాడు. రాత్రి వానకు ఎరువు దిబ్బ పక్కన అరచేతులంత వెడల్పున విచ్చుకున్నాయి. కాడకు ఉంగరంలాంటి పొర. ఆ ఉంగరం మంచి రకానికీ ఉంటుంది, చెడ్డదానికీ ఉంటుంది. తిప్పి గొడుగు అడుగున ఉండే రెక్కలు చూడాలి. ఆకుపచ్చగా తిరిగితే విషం.

బీరన్న తిప్పి చూశాడు. ఏడాదిగా అతనికి లోకమంతా పాలలో ముంచినట్టే ఉంది. చెబితే కొడుకు గోవర్ధన్ మర్నాడే మందను అమ్మేస్తాడు. మంద పోయిన ముసలోణ్ణి మోతె ఊళ్లో కుక్క కూడా పలకరించదు. అందుకే చెప్పలేదు.

కడిగి ముక్కలు చేసివ్వడం అతని పని. వండడం, ముందు తాను తినడం భార్య తిరుపతమ్మ పని.

"రెక్కలు సూసినవా?" పసుపు చల్లుతూ అడిగింది.

"సూసిన. మల్లెపువ్వు లెక్క ఉన్నయ్."

"నేను సస్తే నీ మీదనే కేసు, గోవర్ధన్ నాయినా!"

అతని వాటా టిఫిన్ గిన్నెలో సర్దింది. మధ్యాహ్నం "బతికే ఉన్న, తిను" అని ఆమె ఫోను చేస్తేనే అతను మూత తీయాలి. పెళ్లయిన కొత్తలో కేక వేసేది, ఇప్పుడు ఫోను.

ఆ రోజు పొద్దు వాలినా ఫోను రాలేదు.

"చార్జింగ్ పెట్టుడు ఎన్నడు నేర్సుకుంటదో!" అని గొర్రెల మీద విసుక్కున్నాడు. కడుపు మాడింది. మూత తీయలేదు. ఇంటికీ పోలేదు.

ఎప్పటి వేళకే మందను మళ్లించుకొచ్చాడు. ఇరుగుపొరుగంతా పత్తి చేలకు పోయారు. తిరుపతమ్మ గడపలో పడి ఉంది. వాంతులతో చీరంతా తడిసింది. చార్జింగ్ అయిపోయిన ఫోను గుప్పిట్లోనే ఉంది.

"తినలే గద?" అని అడిగింది.

"తినలే."

"ఫోను చెయ్యకుంటే తినవని తెల్సు," అని కళ్లు మూసుకుంది.

గోవర్ధన్ ఆటో తెచ్చాడు. సూర్యాపేట దవాఖానలో డాక్టరు అడిగాడు. "రెక్కలు ఆకుపచ్చగా తిరిగి ఉంటాయి, కనిపించలేదా?"

"నాకు కండ్లు కానరావు సారూ." మొదటిసారి బిగ్గరగా అన్నాడు. గోవర్ధన్ తండ్రి వైపు తిరిగాడు. వినవలసిన మనిషి ముఖం మీదికి నర్సు అప్పటికే దుప్పటి లాగింది.

మంద అమ్ముడుపోయింది. ఖాళీ దొడ్డిలో గుంజకు టిఫిన్ గిన్నె వేలాడుతోంది, ఆమె బిగించిన మూత బిగించినట్టే.