గోరంత సందు

పుంగనూరులో నా అంగడి గడప మీద మునెప్ప మూడు రోజులుగా కూర్చుంటున్నాడు. పొద్దున్నే వస్తాడు, బీడీ అంటిస్తాడు, నా చేతులకేసే చూస్తుంటాడు. పోనీ నోరు విప్పుతాడా అంటే అదీ లేదు. తప్పు చేసినవాడు కాకపోతే ఈ కాపలా ఎందుకని నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది. నేను ఎద్దుబళ్ళు చేసే అలావుద్దీన్ని. కట్టెలోనైనా మనిషిలోనైనా పుచ్చు ఉంటే చూడగానే చెప్పేస్తానని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

గొడవంతా మదనపల్లె రామచంద్రారెడ్డి తుపాకీ గురించి. యుద్ధం ముగిశాక సీమకు వెళ్ళిపోతున్న ఒక తెల్లదొర దగ్గర కొన్నాడు. ఒకసారి తూటాలు నింపితే చాలు, మీట నొక్కినప్పుడల్లా ఒకటి పేలి, ఇంకొకటి దానంతటదే ఎక్కుతుంది. గొట్టం కింద ఎడమచెయ్యి పట్టుకునే చెక్కను చెదలు తినేస్తే, పోయినేడు ఇరుగుడు కట్టె చేవతో కొత్తది చేసి బిగించింది నేనే. ఇప్పుడది నిలువునా రెండుగా చీలింది.

కుప్పం అడవిలో పందుల వేటకు దారి చూపించేవాడు మునెప్ప. వేట అయ్యాక రెడ్డి తుపాకీని వాడి చేతికిచ్చాడట. గుడారానికి చేరేసరికి చెక్క చీలి ఉందట. బండ మీద పడేశాడని రెడ్డి, పడెయ్యలేదని వాడు. పడేసినట్టు తేలితే శుక్రవారానికల్లా తానిచ్చిన గుడిసె, దున్నుకుంటున్న రెండెకరాల మెట్ట వదిలిపెట్టి పోవాలని రెడ్డి చెప్పేశాడు. తుపాకీని బాగుచెయ్యమని తెచ్చిన రెడ్డి జీతగాడు నా అభిప్రాయం అడిగితే, పైపైన చూసి, పడేసినట్టే ఉండాదని చెప్పి పంపాను. నేను చేసిన చెక్క ఊరికే పగిలే రకమా మరి?

గురువారం పొద్దున బంక కాగుతుండగా మునెప్ప లేచి లోపలికొచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. ఏం దాచాలని వచ్చావని గట్టిగానే అడిగాను.

"దాసేది నేను కాదన్నా," అన్నాడు. "నువ్వు బంక పెట్టేస్తే నా మాటకు సాచ్చికం యాడుంటాది? సీలిక లోపల ఒకసారి సూడు. దానికోసరమే మూడు దినాలుగా ఈడ కూసోనుండాను."

అంటే వాడు నన్నే అనుమానిస్తున్నాడు. ఆ కోపంతోనే ముక్కలు తీసి వెలుగులో పెట్టాను. బండ మీద పడితే పైన సొట్ట ఉండాలి. పై మెరుగు అలాగే ఉంది. చీలిక లోపల వెడల్పుగా ఉండి, పైకి వచ్చేకొద్దీ సన్నబడింది. అంటే మొదలైంది లోపలే. వెనక కొస, ఇనుముకు ఆనే చోట, నలిగి నల్లబడింది.

అటక మీది పాత చెక్క దించాను. చెదలు తినగా మర దూరే బెజ్జం నుంచి వెనక కొస వరకు మాత్రం మిగిలింది. బెజ్జాలు కలిపి కొత్తదాని పక్కన పెట్టి చూస్తే అది గోరంత పొట్టి. ఆ సంగతి నాకు పోయినేడే తెలుసు. చేసినవాడు పని చేతకాక ఇనుముకు ఆనకుండా సందు వదిలేశాడనుకుని, బండిచక్రంలో ఆకుకర్ర దిగ్గొట్టినట్టు వెంట్రుక దూరకుండా బిగించాను. పదిమందికి చెప్పుకున్నాను కూడా. నలిగిన కొస చూశాక ఇప్పుడర్థమైంది. పేలినప్పుడల్లా గొట్టం వెనక్కి తన్నుతుంది. ఆ తన్ను తగలకుండా వదిలిన సందది. నేను దాన్ని మూసేస్తే ప్రతి దెబ్బా చెక్కే తింది.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. దాచడమెందుకు, ఆ వెంటనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. బంక పెట్టి బిగిస్తే ఇదంతా మూసుకుపోతుంది. నా పేరు నిలబడుతుంది. బంక గిన్నెకేసి చూశాను. మునెప్ప నా మొహంలోకే చూస్తున్నాడు.

గిన్నె దించేశాను.

"పద, రెడ్డి దగ్గరికి పోదాం," అన్నాను. "తప్పు నాది."

ముక్కలూ పాత కొసా సంచిలో వేసుకోబోతే వాడు చెయ్యి చాపాడు.

"అయి నా సేతికియ్యన్నా. నువ్వు ముందు నడు."

ఇచ్చాను. బొగ్గుతో నడిచే బస్సులో మదనపల్లె దాకా వాటిని తువ్వాల్లో మూటగట్టి ఒళ్ళో పెట్టుకుని, నా వెనక సీట్లో కూర్చున్నాడు. రెడ్డి వసారాలో, పడేసింది మునెప్ప కాదు, చెడగొట్టింది నేనని నా నోటితో నేను చెప్పాక గానీ మూట విప్పలేదు. రెడ్డి పాత కొసా కొత్త కొసా పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. నన్ను తిట్టాల్సినంతా తిట్టి, మెట్ట దున్నుకో పొమ్మని మునెప్పకు చెప్పాడు.

తిరుగు బస్సులో మునెప్ప నా పక్కనే కూర్చున్నాడు. బీడీ అంటించుకున్నాడు. నాకు ఒకటి ఇవ్వలేదు. అడిగే మొహం నాకూ లేదు.